హాలంతా నవ్విందని రాశాను

విజయవాడలో ఒక దినపత్రికకి ఇరవై ఎనిమిదేళ్ళు సినిమా సమీక్షలు రాసి రిటైరయ్యాను. శుక్రవారం పొద్దున ఆట చూడటం, మధ్యాహ్నం మూడింటికల్లా కాపీ ఇవ్వడం, శనివారం గాంధీనగర్ నుంచి డిస్ట్రిబ్యూటర్ల తిట్లు ఫోన్లో వినడం, ఇదీ నా ఉద్యోగం. ఊరికే సినిమాలు చూపించి పైగా జీతం కూడా ఇస్తారా అని చుట్టాలు నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళు. నచ్చని సినిమా నుంచి ఇంటర్వెల్లో లేచి ఇంటికెళ్ళే వీలు కూడా నాకు లేదని వాళ్ళకేం తెలుసు!

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఇంటికొచ్చి, "మీ అనుభవాలు చెప్పండి మూర్తిగారూ" అంటున్నారు. ఏ హీరో నన్ను పేరు పెట్టి పలకరించాడో, ఏ ఆడియో ఫంక్షన్లో నాకు ఎవరి పక్కన కుర్చీ వేశారో వినాలని వాళ్ళ సరదా. అవి చెప్పను. నేను చేసిన ఒక తప్పు చెప్తాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ అదే తప్పు మీరు వచ్చే శుక్రవారమే చెయ్యొచ్చు, అందుకని చెప్తున్నాను.

వెనక వరస

నాకు పని నేర్పింది పట్టాభిరామ్ గారు. అప్పట్లో మా సినిమా పేజీ ఆయన చేతుల్లో ఉండేది. ముక్కుపొడుం మనిషి. మొదటి రోజే నన్ను బాల్కనీలో ఆఖరి వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుని, "ఒరే అబ్బాయ్, తెర అందరూ చూస్తారు. నువ్వు హాలు చూడు" అన్నారు.

ఆయన పద్ధతి ఇది. చేతిలో చిన్న నోటుబుక్కు, పెన్సిలు. జనం నవ్వితే నిలువుగీత. చప్పట్లు కొడితే సున్నా. సిగరెట్టుకో, బాత్రూముకో లేచి వెళ్తే అడ్డగీత. చీకట్లో చూడకుండానే గీయడం అలవాటవ్వాలి. ఆట అయ్యాక ఆ పేజీ చూస్తే సినిమా జాతకం తెలిసిపోతుంది. గాంధీనగర్ బయ్యర్లు కూడా సమీక్ష అచ్చయ్యేదాకా ఆగలేక ఆఫీసుకి ఫోన్ చేసి, "గీతలెన్ని పడ్డాయి మూర్తిగారూ?" అని అడిగేవాళ్ళు. నాకు అదొక గొప్ప.

పద్ధతి మంచిదే. సొంత పైత్యాన్ని సమీక్షగా రాయకుండా కాపాడుతుంది. కానీ దానిలో ఒక లోపం ఉంది. అది కనుక్కోవడానికి నాకు పదిహేడేళ్ళు పట్టింది. అంత తెలివితక్కువవాణ్ణని ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు.

ఆ రోజుల్లో ప్రతి రెండు సినిమాల్లో ఒకదాన్లో ఒక పాత్ర తప్పకుండా ఉండేది. మణికట్టు వంచి మాట్లాడే డాన్స్ మాస్టరో, గోళ్ళకి రంగేసుకున్న టైలరో, హీరో స్నేహితుడి వెంట పడే మేనమామో. "వాడు తేడాగాడ్రా" అని ఒకడు అంటాడు. హీరో వెనక్కి గెంతుతాడు. ఆఖర్న ఎవడో ఒకడు వాణ్ణి చెంపమీద కొడతాడు. ఆ పాత్ర వచ్చినప్పుడల్లా నా పుస్తకంలో నిలువుగీతలు దువ్వెన పళ్ళలా వరసగా పడేవి. నేను 'హాస్యం బాగా పండింది' అని రాసేవాణ్ణి. వందసార్లయినా రాసి ఉంటాను.

సిగ్గుల సింగారయ్య

ఓ పదకొండు పన్నెండేళ్ళ కిందట ఒక సినిమా వచ్చింది. పేరు రాయను. రాసినా ఎవరికీ గుర్తుండదు. హీరోకి పెళ్ళి కాని మేనమామ ఒకడు. మొహానికి పౌడరు దట్టించి, పైకండువా కొసలు వేలికి చుట్టుకుంటూ తిరుగుతాడు. పాలేరుని చూసి సిగ్గుపడతాడు. క్లైమాక్స్‌లో కుర్రాళ్ళంతా చేరి ఆయనకి చీర కట్టి, స్తంభానికి కట్టేసి, చింతబరికెలతో కొడతారు. హాలు దద్దరిల్లిపోయింది. ఈలలు. నా పెన్సిలు ములికి విరిగింది.

ఇరవై నిమిషాల్లో సమీక్ష రాసేశాను. ఆ పాత్రకి సినిమాలో ఏదో పేరుంది కానీ, నేనే కొత్తగా ఒక పేరు పెట్టాను. 'సిగ్గుల సింగారయ్య వచ్చాడు, హాలంతా నవ్వింది' అని హెడ్డింగు. డెస్కులో అందరూ భలే ఉందన్నారు. మర్నాటికి ఆ పేరు ఊరంతా పాకింది. కాలేజీ పిల్లల నోట, ఆటోవాళ్ళ నోట అదే. రెండో వారం పోస్టర్ మీద డిస్ట్రిబ్యూటర్ నా హెడ్డింగే అచ్చేయించాడు. ఏలూరు రోడ్డులో ఆ పోస్టర్ ముందు నేనూ మా ఆవిడా నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాం. ఆ ఫోటో తర్వాత చింపేశాను.

ఆటోనగర్ మనిషి

మూడు వారాలయ్యాక ఆఫీసుకి ఒకతను వచ్చాడు. ముప్పై రెండేళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, గోళ్ళ సందుల్లో నీలం రంగు. నిలబడే మాట్లాడాడు.

"మూర్తిగారు మీరేనాండీ? నా పేరు మల్లేశ్వరరావండి. మల్లేశ్ అంటారు. ఆటోనగర్‌లో కార్ల పెయింటింగ్ షాపులో షేడ్లు కలుపుతానండి. మీ రివ్యూలు పదో తరగతి నించీ చదువుతన్నానండీ."

నాకు ఒళ్ళు పులకరించింది. రాసేవాడికి ఇంకేం కావాలి?

"ఒక్కసారి మా షాపుకి రాగలరాండీ? అరగంటేనండీ. నేనే తీసుకెళ్ళి దింపుతాను."

కొత్త షాపు తెరుస్తున్నారేమో, రిబ్బన్ కత్తిరించమంటారేమో అనుకున్నాను. సినిమా పేజీ వాళ్ళకి ఆ యోగం అప్పుడప్పుడూ పడుతుంటుంది. అద్దంలో చూసుకుని తల దువ్వుకుని మరీ అతని స్కూటర్ ఎక్కాను. దారిలో అతను తన సంగతి చెప్పాడు. సొంతూరు చల్లపల్లి దగ్గర. చేనేత కుటుంబం. వాళ్ళ నాన్న నూలుకి రంగులద్దేవాడు. ఏ రంగులో ఏది ఎంత కలిపితే ఏమవుతుందో చిన్నప్పుడే కంటికి పట్టిందనీ, యాక్సిడెంటైన కారుకి పాత రంగు అచ్చుగుద్దినట్టు కలపాలంటే తన దగ్గరికే పంపుతారనీ చెప్పాడు. గొప్పకి కాదు. ఉన్నమాట చెప్తున్నట్టు చెప్పాడు.

షాపులో రంగు డబ్బాల బల్ల ఉంది. అది అతను నిలబడి పనిచేసే చోటు. బల్ల పైన గోడకి నా సమీక్ష అంటించి ఉంది. లామినేషన్ చేయించి, నాలుగు మూలలా మేకులు కొట్టారు. హెడ్డింగు కింద అతని పాస్‌పోర్టు ఫోటో అతికించారు.



ఆ సరికే షాపు యజమాని గబగబా వచ్చాడు. మనిషి మంచి హుషారు. "సారు మీరేనా! ఏం పేరు పెట్టారండీ బాబూ! అచ్చం మావాణ్ణి చూసే రాసినట్టుంది" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. బండి తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక కస్టమరు గుమ్మంలోంచే, "సింగారయ్యేడీ? నా డోరు అయిందా సింగారయ్యా?" అని అరిచాడు. మల్లేశ్ "అయిందండీ" అని తాళం తెచ్చి ఇచ్చాడు. ఆ పేరుకి అతను పలికాడు.

"సార్, ఒక ఫోటో దిగుదాం" అన్నాడు యజమాని. పనివాళ్ళందరినీ పిలిచాడు. ఆ కాగితం కిందే నిలబెట్టారు. నా భుజం మీద చెయ్యి వేశారు. నేను నిలబడ్డాను. వద్దని అనలేదు. ఫోన్ పట్టుకుని ఫోటో తీసింది మల్లేశ్.

ఆ ఫోటోలో నేను నవ్వుతూ ఉండి ఉంటాను. చూడలేదు. చూడాలని లేదు.

తర్వాత నన్ను మూడు వీధుల అవతల టీ కొట్టుకి తీసుకెళ్ళాడు. ఆ దగ్గర్లో అయితే ఎవరో ఒకరు ఆ పేరుతో పిలుస్తారట.

"నాకు తెలీదయ్యా" అన్నాను. "నీ గురించి రాయలేదు."

"తెలుసండీ. మిమ్మల్ని తిట్టడానికి తీసుకురాలేదండీ. మాటల్లో చెప్తే మీకు నవ్వులాటగా ఉంటదని చూపించాను."

"ఏం చెయ్యమంటావు?"

"ఒక్క ముక్క రాయండి. అదే పేజీలో, అదే చోట. హాలంతా నవ్వలేదు అని. అంతేనండీ. నేనా రోజు అదే ఆటకి వచ్చానండీ. బాల్కనీలో మీకు నాలుగు వరసల ముందున్నాను. నేను నవ్వలేదు. నా పక్కన సత్యం నవ్వలేదు. ఇద్దరం ఉన్నాం గదండీ, మరి హాలంతా ఎట్టా అవుద్ది?"

సత్యం ఎవరని అడిగాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. "సత్యం నేనూ తొమ్మిదేళ్ళ నించీ ఒక ఇంట్లో ఉంటన్నామండీ. ఇంటివాళ్ళకి రూమ్మేట్లమని చెప్పాం. మీకు చెప్తన్నాను." మళ్ళీ గ్లాసు అందుకుని, "షాపులో ఇదివరకు అనుమానం ఉండేదండీ. ఉన్నా ఊరుకునేవాళ్ళు, పని తెలిసినవాణ్ణని. ఇప్పుడు వాళ్ళ నోటికి మీ పేపరు ఒక పేరు ఇచ్చింది. కస్టమర్లు నవ్వితే పర్లేదు, కొంతమంది నేను ముట్టుకున్న బండి వద్దంటన్నారండీ. మా ఓనరు నెలాఖరు దాకా చూస్తానన్నాడు. వాళ్ళకి పేపర్లో పడిందే నిజమండీ. మీ ముక్క పడితే తీసుకెళ్ళి దాని పక్కనే అంటిస్తాను" అన్నాడు.

నేను సరేనన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

ఒక్క ముక్క

మా ఎడిటర్ గారు చెడ్డవాడు కాదు. విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సమీక్ష అనేది అభిప్రాయం మూర్తిగారూ. అభిప్రాయానికి సవరణ వేసే ఆనవాయితీ మనకి లేదు" అన్నారు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉంటే, "ఇవాళ ఇతను వచ్చాడు. రేపు ప్రతి కామెడీకీ ఒకడు వస్తాడు. అందరికీ రాస్తారా?" అన్నారు. నేను బయల్దేరబోతుంటే మళ్ళీ పిలిచి మెల్లిగా అన్నారు. "అయినా మీరెందుకండీ ఇంత పట్టు పడుతున్నారు? జనం మిమ్మల్ని ఇంకోలా అనుకునేరు, చూసుకోండి."

ఆనవాయితీ గురించి ఆయనతో వాదించగలిగేవాణ్ణి. జర్నలిస్టు సంఘంలో ఇంతకంటే పెద్ద గొడవలే పడ్డాను. ఆఖరి మాటకి మాత్రం జడిసిపోయాను. నేను! పెళ్ళయి ఇద్దరు పిల్లలున్న యాభై ఏళ్ళవాణ్ణి, ఎవరో ఏదో అనుకుంటారని ఒక్క వాక్యం రాయడానికి భయపడ్డాను. నా ఒక్క క్షణం భయం ఇంత ఉంటే, ఆ మనిషి దాన్ని రోజూ చొక్కాలా తొడుక్కుని పనిలోకి వెళ్తున్నాడని అప్పుడు తోచలేదు. తోచి ఉంటే బాగుండేది.

దొడ్డిదారిన ఒక ప్రయత్నం చేశాను. తర్వాతి శుక్రవారం వేరే సినిమా సమీక్షలో, 'ఇలాంటి హాస్యం కొందరికి రుచించకపోవచ్చు' అని దూర్చాను. శనివారం పొద్దున్నే ఫోన్.

"పేపరు చూశానండీ. అది మా గురించేనాండీ?"

"అవునయ్యా."

"ఓహో. మాకు అర్థం కాలేదండీ. వచ్చేవారం పడుద్దేమో అనుకుంటన్నాం."

వచ్చేవారం పడలేదు. ఆ పై వారం కూడా పడలేదు. అతను ప్రతి శనివారం పేపరు కొని, సినిమా పేజీ తిప్పి, మొదటినుంచి చివరిదాకా చదివి ఉంటాడు. నెలాఖరు దాటాక ఒకసారి ఫోన్ చేశాడు. "షాపు మానేశానండీ. ఇంక మీరు శ్రమపడకండి" అన్నాడు. తిట్టలేదు. దెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక నాకు ఏమనిపించిందో రాస్తేనే ఇది రాసినందుకు అర్థం. 'హమ్మయ్య' అనిపించింది. బాధ తర్వాత వచ్చింది, ముందు హమ్మయ్యే వచ్చింది. ఒక మనిషి బతుకుతెరువు పోయిందని తెలిసిన క్షణంలో నా లోపల్నుంచి వచ్చిన మాట అది.

ముందు వరస

ఆ తర్వాత వెనక వరసలో కూర్చోలేకపోయాను. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ 'నాలుగు వరసల ముందు' అన్న మాటే చెవుల్లో మోగేది. అప్పుడు తట్టింది, వెనక కూర్చుంటే కనబడేవి తలకాయలే. నవ్వు వినపడుతుంది. నవ్వనివాడు వినపడడు, కనపడడు. పట్టాభిరామ్ గారి పద్ధతిలో లోపం ఇదే. నవ్వనివాడికి మా పుస్తకంలో గుర్తే లేదు.

కింద మొదటి వరసకి మారాను. మెడ పట్టేసినా సరే. అలాంటి సీను వచ్చినప్పుడు తెరకి వీపు పెట్టి వెనక్కి తిరిగేవాణ్ణి. తెర వెలుతురు జనం మొహాల మీద పడుతుంది. మొదటిసారి అలా తిరిగినప్పుడు చూసింది చెప్తాను. అందరూ నవ్వుతున్నారు, నిజమే. కానీ ఒక పెద్దావిడ తలవంచుకుని పర్సులో ఏదో వెతుకుతోంది, సీను అయ్యేదాకా వెతుకుతూనే ఉంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మగవాళ్ళు, ఇంటర్వెల్ ముందు ఒకరికొకరు ఆనుకుని ఉన్నవాళ్ళు, ఇప్పుడు మధ్యలో జానెడు ఖాళీ వదిలి సర్దుకున్నారు. మరొకడు, కాలేజీ వయసు, ముందు అటూ ఇటూ స్నేహితుల మొహాలు చూశాడు, వాళ్ళు నవ్వాక అప్పుడు నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వాడు. వెనక వరస నుంచి నేను వాడి నవ్వుకీ ఒక గీత పెట్టి ఉండేవాణ్ణి.

అప్పట్నుంచి సినిమాల్ని కూడా అలాగే వెనక్కి తిప్పి చూడటం మొదలుపెట్టాను. కొత్తవాళ్ళకి పనికొస్తుందని రెండు మూడు సంగతులు చెప్తాను. ఇద్దరు హీరోల సినిమాలు ఈ మధ్య బాగా వస్తున్నాయి గదా, వాటిని జాగ్రత్తగా చూడండి. హీరో హీరోయిన్ని ఒక్కసారి కూడా చూడనంత ఆబగా స్నేహితుణ్ణి చూస్తాడు. వాడి కోసం ఏడుస్తాడు, వాడి గాయానికి కట్టు కడతాడు, వాడు ఊరొదిలి వెళ్ళిపోతే అన్నం మానేస్తాడు. సినిమాలో ఉన్న ప్రేమంతా అక్కడే ఖర్చయిపోతుంది. వాళ్ళిద్దరూ ఫలానా అని నేను చెప్పడం లేదు. కానీ ఆ కౌగిలి అయిన వెంటనే ఒక కమెడియన్ వచ్చి, "ఏరా, మీరిద్దరూ ఏమన్నా..." అంటాడు, చూడండి. హీరో "ఛీ" అంటాడు. హాలు నవ్వుతుంది. ఆ జోకు అక్కడ ఎవరి కోసం పెట్టారు? ఆ కౌగిలి చూసి డైరెక్టరే హడలిపోయాడు. ఆ హడలుకి మనం ఇన్నాళ్ళూ హాస్యమని పేరు పెట్టాం.

ట్రాన్స్‌జెండర్ స్త్రీల సంగతి ఇంకా ఘోరం. ఇదివరకు సిగ్నల్ దగ్గర చప్పట్లు కొట్టి హీరోని ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు సినిమావాళ్ళకి బుద్ధొచ్చిందట, అందుకని వాళ్ళని దేవతల్ని చేశారు. రెండు నిమిషాలు వచ్చి హీరోకి దిష్టి తీసి, దీవించి వెళ్ళిపోతారు. టైటిల్స్‌లో ఆ పాత్రకి పేరు కూడా ఉండదు. ఆవిడ ఎక్కడుంటుంది, ఏం వండుకుంటుంది, ఎవరితో దెబ్బలాడుతుంది? ఎవరికీ అక్కర్లేదు. వెక్కిరించినా మొక్కినా మనిషిగా మాత్రం చూడరన్నమాట.

ఇక ఓటీటీల్లో వస్తున్న కొత్తరకం సినిమాలు. ఇద్దరు అమ్మాయిలు, హైదరాబాద్‌లో పదో అంతస్తు ఫ్లాటు, కిటికీకి తెల్ల కర్టెన్లు, మెల్లగా పియానో. ఎవరూ వెక్కిరించరు. నాకు సంతోషమే. కానీ వాళ్ళకి ఊరు లేదు, యాస లేదు, పొద్దున్నే పరిగెత్తాల్సిన ఉద్యోగం లేదు. ఇలాంటి ప్రేమలు పియానో ఉన్న ఇళ్ళలోనే పుడతాయా? మా వైపు నూలుకి రంగులద్దేవాళ్ళలో, లప్పం పెట్టేవాళ్ళలో, బడిపంతుళ్ళలో లేరా? ఈ మాట సమీక్షల్లో రాశాను. అప్పటికి ఎడిటర్ మారారు, వేశారు. ఉత్తరాలు కూడా వచ్చాయి. కానీ రాయాల్సిన ఆ ఒక్క ముక్క రాయకుండానే రిటైరయ్యాను.

హనుమాన్ జంక్షన్

ఈ ఏడాది ఒక చిన్న మాసపత్రిక వాళ్ళు ఏదైనా రాయమన్నారు. జరిగిందంతా రాశాను, ఇక్కడిలాగే అతని పేరు మాత్రం మార్చి. ఆఖర్న 'ఆ రోజు హాలంతా నవ్వలేదు, నేను తప్పు రాశాను' అని అచ్చంగా అతను అడిగినట్టే రాశాను. పత్రిక చేతికి రాగానే అతన్ని వెతకడం మొదలుపెట్టాను. ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి, "షేడ్లు కలిపే మల్లేశా? హనుమాన్ జంక్షన్లో సొంతంగా పెట్టుకున్నాడండీ, హైవే పక్కన" అన్నాడు. బస్సెక్కాను.

రేకుల షెడ్డు. ముందు రెండు కార్లు, విప్పిన డోరు ఒకటి స్టాండ్ మీద. మల్లేశ్ జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "మూర్తిగారా! రండి సార్, కూర్చోండి" అని కుర్చీ దులిపి వేశాడు. వెనక నుంచి పొట్టిగా, బొద్దుగా ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మల్లేశ్, "సత్యం అండీ" అన్నాడు. అంతే. ఇంకేం చెప్పాల్సిన పని లేదన్నట్టు. సత్యం నాకు నమస్కారం పెట్టలేదు.

పత్రిక ఇచ్చాను. మల్లేశ్ చేతులు కడుక్కొచ్చి మరీ పట్టుకుని, నిలబడే మొత్తం చదివాడు. చదివి సత్యానికి ఇచ్చాడు. సత్యం కూడా చదివాడు. అతను చదివినంతసేపూ నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

"బాగా రాశారండీ" అన్నాడు మల్లేశ్.

"ఇప్పుడు దీన్ని ఎక్కడ అంటించమంటారండీ?" అన్నాడు సత్యం.

  మల్లేశ్ "ఊరుకో" అన్నట్టు అతని భుజం తట్టి, టీ పెట్టడానికి లోపలికెళ్ళాడు.

టీ తాగుతూ, ఏదో ఒకటి మాట్లాడాలి గనక, ఈ మధ్య ఏం సినిమాలు చూశారని అడిగాను.

"సినిమాలు మానేశామండీ."

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నించేనండీ. అదే ఆఖరు."

నేను నమ్మలేకపోయాను. పదో తరగతి నుంచి సినిమా పేజీ తప్పని మనిషి! ఉద్యోగం పోయిందని విన్నప్పుడు కూడా ఇంత దిగ్భ్రాంతి కలగలేదు, ఇది మాత్రం నిజం. ఉద్యోగం మళ్ళీ దొరుకుతుంది, అతను సంపాదించుకున్నాడు కూడా. కానీ ఆ చీకట్లో సత్యం పక్కన కూర్చుని ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేకుండా గడిపే రెండున్నర గంటలు నా హెడ్డింగు లాగేసుకుంది. వాళ్ళిద్దరూ బయట పక్కపక్కన కూర్చోగలిగిన చోటు బహుశా అదొక్కటే.

ఎలాగైనా అది తిరిగి ఇప్పించాలని నాకు ఆత్రం పుట్టింది. "అప్పటి సినిమాలు కావయ్యా ఇప్పుడు" అని మొదలుపెట్టాను. "మొన్న ఒకటి వచ్చింది. మన సముద్రం ఒడ్డు కథ. ఒకడు చేపలు పట్టేవాడు, ఒకడు లారీ డ్రైవరు. ఇద్దరిదీ మన యాసే. పియానో లేదు, ఫ్లాటు లేదు. ఒకడు ఇంకొకడికి చేపల పులుసు పెట్టే సీను ఉంది, చూస్తే కళ్ళు చెమరుస్తాయి. ఎవరూ వెక్కిరించరు. నేను ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి చూశాను. హాల్లో ఒక్కరు నవ్వితే ఒట్టు. ఏలూరులో ఇంకా ఆడుతోంది. ఈ ఆదివారం మీరిద్దరూ రండి. టిక్కెట్లు నావి."

మల్లేశ్ కళ్ళు మెరిశాయి. సత్యం కేసి చూశాడు. సత్యం గ్లాసు తిప్పుతూ, మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు.

"ఆఖర్న ఇద్దరూ ఉంటారాండీ?"

సమీక్షకుడు ముగింపు చెప్పకూడదు. అలవాటుగా అదే మాట అనబోయాను. అనలేకపోయాను. ఆ సినిమాలో లారీ డ్రైవర్ చనిపోతాడు. దాని ముందుదాన్లో ఫ్లాటులో అమ్మాయి మాత్రలు మింగుతుంది. దాని ముందుదాన్లో కాలేజీ లెక్చరర్ కాలవలో తేలతాడు. నేను మెచ్చుకున్న ప్రతి ఒక్క సినిమాలోనూ ఇద్దర్లో ఒకరు పోతారు. ప్రతిసారీ నేను 'గుండె బరువెక్కించే ముగింపు' అని రాశాను. ఇంత వరస నా కళ్ళముందే సాగుతుంటే, సినిమా చూడటమే వృత్తి అయిన నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. పదేళ్ళుగా హాలు మొహం చూడనివాడు అడిగాడు.

"లేదండీ" అన్నాను. "లారీ అతను పోతాడు."

"ఎందుకండీ?" అన్నాడు మల్లేశ్. కోపంగా కాదు. తెలుసుకుందామనే అడిగాడు.

ఆ సినిమా రెండుసార్లు చూశాను. వాన, వంతెన, ఎదురుగా బస్సు, అన్నీ గుర్తున్నాయి. ఎంత ఆలోచించినా ఆ మనిషి చావడానికి కథలో కారణం కనబడలేదు. ఆ మాటే చెప్పాను.

"అయితే వద్దులెండి సార్" అన్నాడు మల్లేశ్. ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నాడు. సత్యం అప్పటికే వెళ్ళి స్టాండ్ మీద డోరు కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. మల్లేశ్ రంగు కొట్టే గన్ను అందుకుని, గుడ్డ మొహానికి కట్టుకోబోతూ ఆగి నా వైపు తిరిగాడు.

"మేమిద్దరం బానే ఉన్నాం గదండీ" అన్నాడు. "ఆ సంగతి ఎవరన్నా తీస్తే చెప్పండి, వస్తాం."